పెరటి నీళ్లు పెరట్లోనే

చి. ల. సౌ. పద్మకు పెద్దమావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. కొత్తింటి ఫొటోలు చూశాం. ఇల్లు బాగుంది, అరుగు ఎత్తుగా పోయించడం ఇంకా బాగుంది. ఒక్కటే నచ్చలేదు. వంటింటి గొట్టం, స్నానాలగది గొట్టం రెండూ ప్రహరీ దాటించి వీధి కాలవలోకి వదిలేశారు. సెప్టిక్ ట్యాంకు గొట్టం కూడా అటే చూస్తోందని నా అనుమానం. మేస్త్రినడిగితే “ఊరంతా అంతేనండీ” అంటాడు. ఊరంతా అంతే కాబట్టే ఈ ఉత్తరం. పెరట్లో గచ్చు ఇంకా చెయ్యలేదు కదా, ఇప్పుడైతే మార్చుకోవడం తేలిక.

ముందు కోనసీమలో నీళ్లు ఎటునుంచి ఎటు పోతాయో తెలుసుకో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలన్నీ మిట్ట మీదుగానే నడుస్తాయి, పొలాలకు నీరు పల్లానికి దిగాలి కాబట్టి. మన మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంకలో బయల్దేరి లొల్ల లాకుల దగ్గర చీలుతుంది. మురుగు కోడులు, అంటే కౌశికలాంటి మురుగునీటి కాలువలు, పల్లంలో ఉంటాయి. వీధి కాలవ మురుగు కోడులో కలవాలి. కానీ మీ వీధిలోలాగా పంట బోదె దగ్గరగా ఉన్నచోట అందులోకే తిప్పేస్తారు. ఆ కాలువ నీళ్లే కింది ఊరి మంచినీళ్ల చెరువులోకి ఎక్కుతాయి. మీ చెరువులోకి ఎక్కేవి పై ఊరి వాళ్లు వాడి వదిలినవి. ఎండాకాలం కాలువలు కట్టేశాక రెండు నెలలూ ఆ నిలవ నీళ్లే తాగాలి.

పైగా మనది బల్లపరుపు నేల, వాలు లేదు. నీరు నింపాదిగా నడుస్తుంది. సబ్బునీళ్లలోని భాస్వరం, గంజి, ఎంగిలి మెతుకులు గుర్రపుడెక్కకు మంచి ఎరువు. ఆ డెక్క తూము దగ్గర చేరితే దాని వెనక పాలిథీన్ కవర్లు చేరతాయి. నవంబరు తుఫానుకు కోడు లాగదు, కోతకొచ్చిన సార్వా చేను నీళ్లలో నిలబడుతుంది. రైతు ఇరిగేషన్ వాళ్లను తిడతాడు. ఆ తిట్లలో సగం మన వంటిళ్లకు చెందాలి.

సరే, పని సంగతి. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ లెక్క. మీ నలుగురికి 220 లీటర్లు. మోటారు ఉన్న ఇల్లు గనక అంతకు మించే వాడతారు. అందులో ముప్పాతిక వంతు మళ్లీ బయటికి వచ్చేదే.

ఇంకుడు గుంట తవ్వుకోమని ఎవరో ఒకరు చెప్తారు. మూడడుగుల చదరం, మూడడుగుల లోతు, కింద పెద్ద రాళ్లు, పైన కంకర. అది మెట్ట ప్రాంతం వాళ్లకి. మన దగ్గర ఆగస్టు నుంచి నవంబరు దాకా రెండు మూడడుగుల్లోనే నీళ్లు పడతాయి. అప్పుడు ఆ గుంట ఇంకించదు, మురుగుని నేరుగా భూమిలోని నీళ్లకు కలుపుతుంది. ఊళ్లో బోర్లన్నీ ఆ నీళ్లమీదే. అందుకని మనకు కావలసింది లోతు కాదు, పొడవు.

మొదట నేలను పరీక్ష చెయ్యండి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి ఒకసారి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పది పదిహేను నిమిషాల్లో దిగితే ఇసుక పాలు ఉన్న నేల, పది అడుగుల కందకం చాలు. అరగంట దాటితే ఇరవై అడుగులు కావాలి. గంటకీ దిగకపోతే జిగురు నేల, అక్కడ ఇంకుడు మీద ఆశ పెట్టుకోకుండా అడుగు ఎత్తు మట్టి పోసి, ఆ కట్ట మీదే కందకం తియ్యాలి. అంట్లు తోమే గచ్చు పెరటి కన్నా రెండడుగులు ఎత్తుండాలని మేస్త్రికి చెప్పమనేది అందుకే. గచ్చు కిందికుంటే తర్వాత ఏ ఉపాయమూ పారదు.

గొట్టం బయటికొచ్చిన చోట రెండడుగుల సిమెంటు ఒర (రింగు) ఒకటి దింపించి, దాని అడుగున కాంక్రీటు వేయించు. లోపలికొచ్చే గొట్టం మూతికి జాలీ పెట్టించు. బయటికి పోయే మూడంగుళాల గొట్టానికి టీ ముక్క (ఇంగ్లీషు T ఆకారపు అతుకు) తగిలించి, దాని కింది కాలు నీళ్లలో ఆరంగుళాలు మునిగేలా చూడమను. జిడ్డు పైన తేలుతుంది, మడ్డి అడుగున దిగుతుంది, మధ్య నీళ్లే బయటికి పోతాయి. చాలామంది ఈ టీ ముక్క డబ్బులు మిగుల్చుకుంటారు. ఆర్నెల్లలో కందకం మూసుకుపోతుంది. వారానికోసారి పాత జల్లెడతో జిడ్డు తీసి మట్టిలో కప్పెట్టాలి, నెలకోసారి అడుగు మడ్డి ఎత్తాలి. పనిమనిషికి అప్పగించే పని కాదు, అల్లుడుగారు ఆదివారం పూట పది నిమిషాలు వంగితే అయిపోతుంది.

కందకం అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. వాలు పది అడుగులకు అంగుళం మించొద్దు, మించితే నీళ్లన్నీ చివరికే పరుగెత్తుతాయి. అడుగు ఎత్తున ఇటుక ముక్కలు నింపి, పైన కొబ్బరి మట్టలు పరిచి, మట్టి కప్పాలి. ఒకటి కాదు, రెండు తవ్వించు. గొట్టానికి రెండు దారులు పెట్టి వారం ఒకదానికి, వారం రెండోదానికి మళ్లించు. ఎడతెగకుండా తడిస్తే ఇటుకల మీద జిగట పొర పేరుకుని మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎండితే ఆ పొర చచ్చి విడిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే గాలి అందడం లేదని గుర్తు. వెంటనే రెండోదానికి తిప్పు. గట్టు మీద ఆరడుగులకొక అరటి పిలక, మధ్యలో చేమ, మెట్టతామర వెయ్యి. చేమ దుంపలు ఆ గట్టువి వండుకోవద్దు. అరటి గెలకు భయం లేదు.

అరటాకు అంచులు మాడినట్టు కనిపిస్తే బట్టల సబ్బు ఎక్కువైందని లెక్క. అందులో సోడియం ఉంటుంది. ఒండ్రు నేలలో అది మట్టి రేణువుల్ని విడదీసి పైన చెక్కు కట్టిస్తుంది, నీరు దిగదు. బకెట్టుకు మూడు గరిటెల పౌడరు వేసే అలవాటు మానితే సగం సమస్య పోతుంది. మన కాలువ నీళ్లలో మృదుత్వం ఎక్కువ, నురగకు తక్కువ సరిపోతుంది. ఒకటికి రెండుసార్లు జాడించాల్సిన పని కూడా తగ్గుతుంది.

సింకులో పోయకూడనివి రెండే. వేపుడు నూనె మొదటిది. చల్లారాక ఊకలోనో రంపపు పొట్టులోనో కలిపి కప్పెట్టు. రెండోది బియ్యం కడుగు, గంజి. వెనకటికి కుడితి తొట్టి ఉండేది కాబట్టి ఆ బాధ లేదు. ఇప్పుడు పక్కింట్లో గేదె ఉంటే బకెట్టు పెట్టి ఇచ్చెయ్యి, లేకపోతే కొబ్బరి మొదట్లో పొయ్యి.

ఇక సెప్టిక్ ట్యాంకు. ఇక్కడ మేస్త్రీలు చేసే పెద్ద పొరపాటు, అడుగున కాంక్రీటు వెయ్యకుండా ఒరలు దింపెయ్యడం. “ఇంకిపోద్దండీ, నిండదు” అంటారు. నిండకపోవడమే ప్రమాదం, మలమంతా భూమి నీళ్లలో కలుస్తోందన్నమాట. అడుగు, గోడలు సిమెంటుతో పూర్తిగా మూసి, రెండు గదులుగా కట్టాలి. అయిదుగురికి లోపలి కొలత 5 అడుగుల పొడవు, 2.5 అడుగుల వెడల్పు, 3.5 అడుగుల నీటి లోతు చాలు. స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు ఇందులో కలపకండి. మలం దిగడానికి నీరు కనీసం ఒక రోజైనా నిలవాలి, కలిపితే అరగకముందే బయటికి తోసేస్తుంది. గాలి గొట్టం మూతికి సన్నటి జాలీ తప్పదు. బోదకాలు దోమ పెరిగేది ఇలాంటి మురికి నీళ్లలోనే, మన జిల్లాలకు ఆ జబ్బు కొత్త కాదు.

ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లకు వేరే కందకం కావాలి. చుట్టూ అడుగున్నర మందాన సన్న ఇసుక నింపించు. మీ బోరుకే కాదు, పక్కవాళ్ల బోరుకూ 10 మీటర్ల దూరం ఉండాలి. భూమిలో నీరు సాధారణంగా పంట కాలువ వైపు నుంచి కోడు వైపు నడుస్తుంది. అందుకని బోరు కాలువ వైపు, ట్యాంకు కోడు వైపు. వాస్తు పండితుడు అడ్డం పడితే, బోరు విషయంలో మాత్రం నా మాట వినండి.

మరుగుదొడ్డిలో యాసిడ్, బ్లీచింగ్ దిమ్మరించవద్దు. లోపల పనిచేసే సూక్ష్మజీవులు చచ్చి, ట్యాంకు తొందరగా నిండుతుంది. బ్రష్షుతో తోమి, వారానికోసారి కొద్దిగా మందు వేస్తే చాలు. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించండి, అదీ ఏప్రిల్, మే నెలల్లో. వర్షాకాలంలో ఖాళీ చేస్తే కింది నీళ్లు ట్యాంకును పడవలా పైకి లేపుతాయి, గోడలు పగులుతాయి. లారీ అతన్ని ఎక్కడ పారబోస్తావని ముందే అడగండి. చీకటి పడ్డాక వస్తానంటే మురుగు కోడులో పోస్తాడని అర్థం. మునిసిపాలిటీ శుద్ధి కేంద్రానికి తీసుకెళ్తానన్నవాణ్నే పిలవండి, నాలుగు వందలు ఎక్కువైనా సరే.

చెత్త గురించి క్లుప్తంగా. కొబ్బరి డొక్కలు పెరట్లో వెల్లకిలా పడుంటే వాననీళ్లు నిలిచి వారం పది రోజుల్లో డెంగీ దోమ లేస్తుంది. వాటిని చెట్టు చుట్టూ పాదులో పరచండి. మట్టిలో కప్పెడితే గుంట పైకి, నేల మీదే పరిస్తే బోర్లా. ఎండలకు తేమ నిలుస్తుంది, డొక్కలోని పొటాషియం చెట్టుకే తిరిగొస్తుంది. చేపల పొలుసులు, రొయ్య తొక్కలు అడుగు లోతున కప్పెట్టి పైన పెంకు ముక్క పెట్టండి, కుక్కలు తవ్వకుండా. ప్లాస్టిక్ మాత్రం ఆకులతో కలిపి తగలబెట్టొద్దు, ముఖ్యంగా పీవీసీ ముక్కలు, వైరు తొడుగులు. డయపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి చెత్త బండికే ఇవ్వండి. ఎండాకాలం కాలువ ఎండితే అడుగున ఎక్కువగా కనిపించేవి అవే. పూజ పూలు కవరుతో సహా కాలువలో పడెయ్యడం ఏం భక్తో నాకు అర్థం కాదు, మొక్క మొదట్లో పోస్తే సరిపోయేదానికి. కార్తీకంలో దీపాలకు థర్మోకోల్ వద్దు, అరటి దొప్పలుండగా.

ఆర్వో మిషను కొనాలని అల్లుడుగారు అన్నారట. ముందు పదో పరకో పెట్టి కుళాయి నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, చూపించండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో దండగ, లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు పారబోయాలి. కొత్త నీరు ఎర్రగా వచ్చే జులై, ఆగస్టుల్లో చిల్లగింజ అరగదీసిన నీళ్లు కలిపి తేర్చి, వడకట్టి, ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చుకోండి. గింజ మురికిని దింపుతుందే కానీ క్రిములను చంపదు, కాబట్టి కాచడం మానొద్దు. బోరు ఉప్పగా ఉంటే అప్పుడు ఆర్వో మాట ఆలోచించండి, దాని పారుడు నీళ్లు గచ్చు కడగడానికి పెట్టుకోండి, మొక్కలకు కాదు.

కందకాల తవ్వకం కాలువ కట్టేసిన రోజుల్లో పెట్టుకోండి, అప్పుడు కింది నీరు దిగి ఉంటుంది, ఒర దింపడం తేలిక. మూడంగుళాల పీవీసీ రెండు పొడవులు, టీ ముక్క ఒకటి, ఎల్బోలు రెండు, జాలీ గజం, ఇటుక ముక్కలు ట్రాక్టరులో సగం. మేస్త్రి కొలతలు మళ్లీ చెప్పించుకుంటే ఈ కాగితం అతని చేతికే ఇచ్చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమావయ్య