చెల్లెలికి, క్యాల్షియం డబ్బాల సంగతి

చెల్లీ,

ఎముకల పరీక్షలో టి-స్కోర్, అంటే ఎముకల గట్టిదనం లెక్క, మైనస్ 2.8 వచ్చిందని నిన్న ఫోన్లో ఏడ్చినావు. మైనస్ 2.5కు దిగిందంటే ఎముకలు గుల్లబారినట్టే లెక్క. నాకు ఆ లెక్క తెలిసేసరికి గుడ్డలుతికే బండ కాడ జారి మణికట్టు ఇరిగింది. నీకు ఇరగకముందే తెలిసింది, నయం.

డబ్బా మీద క్యాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని ఉంటే, అందులో అసలు క్యాల్షియం 500 మాత్రమే. అన్నం తిన్నాక వేసుకో, అప్పుడే బాగా ఒంటబడుతుంది. రోజుకు రెండు క్యాల్షియం మాత్రలుంటే రెండూ ఒక్కసారే మింగొద్దు. నీ థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాల. మొదటి ఏడాది నేను రెండూ పొద్దున్నే కాఫీతో మింగినా. థైరాయిడ్ ఎందుకు అదుపులోకి రాలేదో ఎవురికీ అంతుబట్టలే. ఇప్పుడు మధ్యాహ్నం సంగటి అయినాక వేసుకుంటాండా.

విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికొకటే, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. మా వీధిలో ఒకామె రోజుకొకటి తాగి వాంతులతో ఆస్పత్రి పాలయింది. అనంతపురంలో ఉండి డి తక్కువేందని నవ్వుతావేమో. ఎండ మిద్దె మీదుంది, మనం వంటింట్లో ఉండాం.

మన వయసులో రోజుకు 1200 మి.గ్రా. కావాల. 100 గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది. కానీ నీ సంగటిలో బియ్యమే ఎక్కువ, పిండి రంగుకే! చెనిక్కాయలు బలమే గానీ వాటిలో క్యాల్షియం అంతంత మాత్రం. నువ్వులు, ఉలవలు, మునగాకు, రెండు పూటలా పెరుగు తిను. తక్కువ పడినదానికే మాత్ర. నీకు కిడ్నీలో రాయి వచ్చిన సంగతి డాక్టరుకు చెప్పినావా? చెప్పకపోతే ముందు ఆ పని చెయ్.

ఇవన్నీ ఉన్నాయని, వారానికోసారి వేసే ఎముకల మందు, అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర, మానొద్దు. అది చేసే పని క్యాల్షియం వల్ల కాదు. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట దాకా ఏమీ తినొద్దు, నడుం వాల్చొద్దు. ఆ రోజు థైరాయిడ్ మాత్ర ఎప్పుడేసుకోవాలో అడిగి రాసుకో.

నీ బాత్రూం గచ్చు మరీ నున్నగా ఉంది, పట్టుకోను కడ్డీ బిగించమని అల్లుడికి చెప్పు. ఆదివారం ప్రొద్దుటూరు బస్సెక్కి మీ ఇంటికొస్తా. డబ్బాలన్నీ తీసిపెట్టు, చూస్తా.

మీ అక్క