10,000 బాట్‌కి అన్ని రూపాయలు ఎందుకు కట్ అయ్యాయంటే

మీరు బ్యాంకాక్ ఏటీఎంలో కన్వర్షన్‌కి, అంటే బాట్ (థాయ్ కరెన్సీ) మొత్తాన్ని అక్కడే రూపాయల్లోకి మార్చడానికి, ఒప్పుకుని ఉంటారు. ఇండియన్ కార్డుతో 10,000 బాట్ తీస్తే గూగుల్ రేటు కంటే బాగా ఎక్కువ పోయిందంటే దాదాపు అదే కారణం.

1. ముందు 220 బాట్ ఫీజు అడుగుతుంది, కొన్ని మెషీన్లలో ఇంకా ఎక్కువ. తప్పదు, ఒప్పుకోండి.

2. అందరూ పొరబడేది తర్వాతి స్క్రీన్‌లోనే. మొత్తాన్ని రూపాయల్లో చూపించి, ఆ రేటు ఓకేనా అంటుంది. మన డబ్బులో కనిపించేసరికి హాయిగా నొక్కేస్తాం. ఆ రేటులో ఏటీఎం వాళ్ల కమీషన్ కలిసే ఉంటుంది. ‘కన్వర్షన్ వద్దు’ అన్న బటన్ నొక్కండి. లావాదేవీ రద్దవుతుందేమోనని నాకూ మొదటిసారి టెన్షనే. రద్దవదు, నోట్లు వస్తాయి. మీ బ్యాంకు తన రేటుకి లెక్క కడుతుంది. దాని మార్కప్ (రేటు మీద వేసుకునే అదనపు ఛార్జీ) ఎలాగూ ఉంటుందనుకోండి.

3. షాపులో కార్డు గీకినా ఇదే ప్రశ్న. బాట్ అనే చెప్పండి. బిల్లు మీద రూపాయలు కనిపిస్తే సంతకం పెట్టకుండా మళ్లీ చేయమనండి.

4. కొంచెం కొంచెం తీయొద్దు. 2,000కి 220 అంటే 11 శాతం, 20,000కి 1.1 శాతమే.

ఇప్పటికే కట్ అయింది మాత్రం వెనక్కి రావడం కష్టం.