పొద్దుతిరుగుడులో తాలు: బోరాన్ మీద నెపం వేయకండి

ప్రశ్న: ముందు వేసిన ఎకరం పొద్దుతిరుగుడులో పువ్వులు పళ్లెమంత ఉన్నాయి, నలిపితే సగం తాలే. గట్టు మీది కానుగ చెట్ల వెంట ఏడెనిమిది సాళ్లలో మాత్రం గింజ నిండింది. శనగపచ్చ పురుగుకని పూత మీద రెండుసార్లు మందు కొట్టాను. షాపులో బోరాన్ లోపం అంటున్నారు. మొగ్గ మీదున్న రెండో ఎకరానికి ఎన్నిసార్లు కొట్టాలి?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: మామూలుగా నీడకు చెట్ల పక్క సాళ్లే దెబ్బతినాలి, మీకు అక్కడే బాగుంది. బోరాన్ లోపం అలా గట్టు చూసుకుని రాదండీ. మీ చేలో లేనివి తేనెటీగలు, అవి పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోస్తేనే గింజ నిండేది. కానుగల్లో ఏదో తేనెపట్టు ఉండుంటుంది, మందు దెబ్బకు మిగిలిన ఆ కాసిని ఈగలు దగ్గరి సాళ్లు చూసుకుని వెళ్లిపోయాయి.

ఒక కాగితం మీద మీ చేను, చుట్టూ కిలోమీటరు గీయండి. జుంటి తేనె ఏ కంపలో ఉంది, పుట్ట తేనె ఏ తొర్రలో ఉంది, పూత మీద ఎవరి పైరుంది, ఎవరు ఎప్పుడు మందు కొట్టారు, అన్నీ గుర్తుపెట్టండి. శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో వేసే పటాల్లో ఉండేదీ ఇంచుమించు ఇదే: గూడెక్కడ, పూలెక్కడ, ఈగ ఎంత దూరం పోగలదు. కాకపోతే కంపలోని జుంటి పట్టు ఉపగ్రహానికి కనపడదు, మీకు కనపడుతుంది. పూత మొదలయ్యాక ఉదయం 9 గంటలకు గట్టు దగ్గర 100 పువ్వులు, చేను నడుమ 100 పువ్వులు చూసి ఈగల్ని లెక్కపెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

ఎకరాకు 2 తేనెటీగల పెట్టెలు తెప్పించి, పూత మొదలవగానే కానుగలకు దూరంగా ఉన్న వైపు నీడలో పెట్టండి, దగ్గర్లో నీళ్లుండాలి. దొరక్కపోతే చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని ఉదయం 9 నుంచి 11 మధ్య, రోజు విడిచి రోజు, రెండు వారాల పాటు పువ్వుల మీద సుతారంగా రుద్దండి. కూలి ఖర్చే, కానీ గింజ కడుతుంది. బోరాన్ కోసం కొట్టే బోరాక్స్ అయితే పువ్వు చుట్టూ ఉండే పసుపు రేకులు (ఆకర్షక పత్రాలు) విచ్చుకునేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాములు, ఒక్కసారి చాలు. అది మామూలు సిఫారసే, ఈగ చేసే పని మాత్రం చేయదు.

పురుగుకు ఇప్పుడే మగ రెక్కల పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు 4 పెట్టి, 5 శాతం వేపగింజల కషాయం కొట్టండి. పూత మీద మందు జోలికి వెళ్లొద్దు. తప్పదనుకుంటే సాయంత్రం ఈగలు గూటికి చేరాకే. ఉదయం పూట పూత మీద కొట్టమని చెప్పే డీలరు మందు అమ్ముకుంటున్నాడు, మీ గింజ సంగతి అతనికేం పట్టింది? ఆ కానుగ చెట్లు మాత్రం కొట్టేయకండి, నీడ పడుతోందని అస్సలు.