మీ ఆయన టెస్టు ముందు చేయించండి

పెళ్లయి రెండేళ్లు దాటింది, పీరియడ్స్ సరిగ్గానే వస్తున్నాయి, అయినా నెల తప్పలేదు, అత్తయ్యగారు లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటున్నారు, ఏమేం టెస్టులు చేస్తారని అడిగారు. ఇంత ప్రశ్నలో మీ ఆయన ఊసే లేదండీ!

నేను మగవాణ్ణే. మా ఇద్దరిలో ఇబ్బంది తేలింది నాకే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా ఒక చోట నా రిపోర్టు అడగకుండానే మా ఆవిడకి ల్యాపరోస్కోపీ (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం) రాసేశారు. మేం చేయించలేదు, వేరే డాక్టరుకి చూపించుకున్నాం.

వీర్యపరీక్ష ఖర్చు తక్కువ, నొప్పి లేదు. ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం బయటికి పోకుండా దూరంగా ఉండాలి. మా ల్యాబులో గది అని చూపించింది మామూలు బాత్రూమే. గడియ సరిగ్గా పడదు, బయట జనం. నావల్ల కాలేదు. ఇంటి దగ్గర తీసి గంటలోపు తెచ్చివ్వమన్నారు. చల్లబడకూడదని డబ్బా చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని బండి మీద వెళ్లాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 2021 లెక్కలో మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు దిగువ హద్దు. నాకు అందులో సగం కూడా లేవు. అయితే అంతకు ముందే టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి జ్వరం దెబ్బ అప్పటిదాకా కనిపిస్తుందట. మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే అప్పుడూ తక్కువే. డాక్టరు నిలబెట్టి చేత్తో చూసి వెరికోసీల్ అన్నారు, అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం. ఆపరేషన్ తర్వాత కౌంట్ పెరిగింది. అందరికీ పెరుగుతుందని మాత్రం చెప్పలేను. మీవారు జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకుంటుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పమనండి, వాటితో కణాల తయారీ ఆగిపోవచ్చు. టీవీలో చూపించే పొడుల జోలికి పోవద్దు.

ఇక మీకు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను), ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష), స్కానింగ్ రాస్తారు. అండం విడుదలైందో లేదో చూడటానికి, 28 రోజుల సైకిల్ అయితే 21వ రోజు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పరీక్ష. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే హెచ్‌ఎస్‌జీ, పీరియడ్ ఆగాక కొద్ది రోజుల్లో తీస్తారు. అందుకోసం గర్భాశయంలోకి మందు ఎక్కించేటప్పుడు మా ఆవిడకి పీరియడ్ నొప్పికి రెట్టింపు వచ్చింది. ముందే నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని అడగండి. ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే దాచొద్దు, మన దగ్గర ట్యూబులు మూసుకుపోవడానికి అదీ ఒక కారణం.

ఏడాది ప్రయత్నించాక పరీక్షలకి వెళ్లాలి, మీకు 35 దాటితే ఆరు నెలలకే. అత్తయ్యగారికి ఈ సంగతి మీ ఆయన చేతే చెప్పించండి. శాంపిల్ ఆదివారం తీసుకునే ల్యాబు చూసుకోండి, సెలవు దొరకలేదన్న సాకు ఉండదు.