మీ ప్రశ్న – మా జవాబు: అడ్వాన్సులో అయిదు నెలల బాడుగ పట్టుకోవచ్చా?

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో జూన్ 1 నుంచి 11 నెలల అగ్రిమెంటు మీద ఇల్లు తీసుకున్నాం. బాడుగ రూ.12,000, అడ్వాన్సు రూ.36,000. ఒంగోలుకు బదిలీ అయింది. నవంబరు 15న ఓనరుకు ఫోన్లో చెప్పి, 30న ఖాళీ చేసి తాళాలిచ్చాం. నవంబరు బాడుగ కట్టేశాం. 'ఇద్దరిలో ఎవరైనా నెల ముందు చెప్పాలి' అని మాత్రమే అగ్రిమెంటులో ఉంది. డిసెంబరు 10న కొత్తవాళ్లు దిగారు. అయినా మిగతా అయిదు నెలల బాడుగ 60,000, పెయింటింగుకు 14,000 మేమే కట్టాలంటున్నారు. మా డబ్బు పోయినట్టేనా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పోలేదమ్మా. ఒకే ఇంటికి ఒకే నెలకు ఇద్దరి దగ్గర బాడుగ తీసుకునే హక్కు ఓనరుకు లేదు. ఒప్పందం తప్పినందువల్ల నిజంగా జరిగిన నష్టానికే పరిహారమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెబుతుంది. ఆ నష్టాన్ని తగ్గించుకునే వీలుందా అన్నదీ చూస్తుంది. 'మధ్యలో ఖాళీ చేస్తే మిగతా నెలలన్నీ కట్టాలి' అని రాసి ఉన్నా సరే, 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారమే దక్కుతుంది, రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. మీ కాగితంలో ఆ మాటే లేదు.

మీ వైపు లోపం లేకపోలేదు. నెల నోటీసుకు 15 రోజులే ఇచ్చారు, అదీ నోటిమాటగా. వాట్సాప్‌లో ఆ తేదీన ఒక్క మెసేజ్ ఉన్నా వెతికి స్క్రీన్‌షాట్ తీయండి. నోటీసు డిసెంబరు 15 దాకా లెక్కేసినా తక్కువపడింది 15 రోజులే, అంటే రూ.6,000. ఇల్లు నిజంగా ఖాళీగా ఉన్నది డిసెంబరు 1 నుంచి 9 వరకు. రోజుకు 400 చొప్పున రూ.3,600. పరిహారం నిజమైన నష్టానికే కాబట్టి మీరు ఒప్పుకోదగ్గ మొత్తం ఈ రూ.3,600 మాత్రమే. కొత్తవాళ్లు 10నే దిగారనడానికి పక్కింటివాళ్ల మాట పనికొస్తుంది.

పెయింటింగు సంగతి. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు బాడుగదారు బాధ్యుడు కాదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉంది. నవంబరు వానలకు గోడ చెమ్మెక్కి పెచ్చులూడితే అది ఇంటి లోపం. పిల్లలు క్రేయాన్లతో గీసిన గోడ, పగిలిన వాష్‌బేసిన్ మాత్రం మీ ఖాతాలోకే వస్తాయి. అయితే ఓనరు ఖర్చెంతో నోటిమాటగా చెబితే చాలదు, బిల్లు చూపించమనండి. మా ప్రాంతంలో ఖాళీ చేసేటప్పుడు 'ఒక నెల బాడుగ పెయింటింగుకు' అని కోసేసే అలవాటుంది. అగ్రిమెంటులో రాసి ఉంటే తప్ప దాన్ని ఒప్పుకోనక్కర్లేదు.

ఉదాహరణకు బేసిన్‌కు 1,800, చివరి కరెంటు బిల్లు 940 అనుకుందాం. 3,600 కలిపితే 6,340. మీకు రావలసింది రూ.29,660.

ఇప్పుడు ఓనరుకు రాతపూర్వకంగా అడగండి: అడ్వాన్సు ఇచ్చిన తేదీ, తాళాలిచ్చిన తేదీ, పై లెక్క, '15 రోజుల్లో ఈ ఖాతాకు పంపగలరు' అన్న మాట. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇచ్చి ఉంటే స్టేట్‌మెంటు జత చేయండి. అగ్రిమెంటు రిజిస్టరు కాకపోతే అందులోని షరతులను కోర్టులో నిరూపించడం కష్టం. అలాంటప్పుడు డబ్బు చెల్లించిన ఆధారమే మీకు బలం.

జవాబు రాకపోతే నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీలిటిగేషన్ (దావా వేయకముందే రాజీ కోసం) అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ రాజీపడితే ఆ అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు. రాజీ కుదరకపోతే సివిల్ దావా. దానికి మూడేళ్ల గడువు.

ప్రశ్న: మా ఒంగోలు ఇంట్లో ఉన్నవాళ్లు రెండు నెలల బాడుగ ఎగ్గొట్టి, తాళం వేసుకుని వెళ్లిపోయారు. సామాను లోపలే ఉంది. తాళం పగలగొట్టవచ్చా? – ఒక ఇంటి యజమాని

జవాబు: మీ అంతట మీరు పగలగొట్టకండి. సామాను ఉన్నంతకాలం ఇల్లు చట్టపరంగా వారి స్వాధీనంలోనే ఉన్నట్టు. రేపు 'బంగారం పోయింది' అంటే కేసు మీ మీదికే వస్తుంది. ముందు ఆధార్‌లోని సొంతూరి చిరునామాకు నోటీసు పంపి, ఫోన్లోనూ మెసేజ్ పెట్టండి. 'ఇల్లు మీరు తీసుకోండి' అని రాతలో సమాధానమొస్తే ఇద్దరు సాక్షులను పెట్టుకుని తెరిచి, వీడియో తీస్తూ ప్రతి వస్తువునూ జాబితా రాసి సంతకాలు చేయించండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో కూడా ఆ రోజే తీయండి. సమాధానం రాకపోతే కోర్టు ద్వారానే స్వాధీనం చేసుకోవాలి. ఈలోగా కరెంటు, నీళ్లు ఆపించడం వంటివి చేయకండి. బకాయిని మాత్రం అడ్వాన్సులో మినహాయించుకోవచ్చు, లెక్క రాసి పంపండి.