గ్లాస్గో వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నీకు సీటు వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో ఏడుస్తూ, నవ్వుతూ చెప్పింది. ఫోను పెట్టేసి, నిద్రపోతున్న మీ అత్తయ్యను లేపి మరీ చెప్పాను. 1451లో పుట్టిన విద్యాలయం అది. మన ఇంటి పిల్లవాడు దాని మెట్లు ఎక్కబోతున్నాడంటే నాకు నిద్ర ఎలా పడుతుంది? అయితే అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "కాలేజీ, పని, గది, అంతే. ఊరు చూడటానికి వెళ్లడం లేదు కదా" అన్నావట. ఆ మాట నన్ను తెల్లవారేదాకా కూర్చోబెట్టింది. 1982లో ఆసుపత్రిలో డాక్టరు పనికి వెళ్తూ నేనూ అచ్చం ఇదే అనుకుని ఆ ఊళ్లో దిగాను.

ముందు చిన్న సంగతులు. తలను కప్పే వాన కోటు కొనుక్కో, అక్కడి గాలికి గొడుగు నిలవదు. సంచిలో ఎప్పుడూ ఒక జత పొడి మేజోళ్లు ఉండాలి. తడి మేజోళ్లతో రోజంతా వార్డుల్లో తిరిగి నేను తెచ్చుకున్న దగ్గు ఉగాది దాకా వదల్లేదు, అందుకే ఇంతగా చెబుతున్నాను. డిసెంబరులో ఉదయం తొమ్మిది కావస్తుంటే గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం నాలుగు కాకముందే వెళ్లిపోతాడు. విటమిన్ డి మాత్ర మానకు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్లు సెల్టిక్, రేంజర్స్ బద్ధ ప్రత్యర్థులు, ఒకరిది ఆకుపచ్చ, ఇంకొకరిది నీలం. వాళ్ల ఆట ఉన్న రోజున ఆకుపచ్చ చొక్కా వద్దు, నీలం చొక్కా అసలే వద్దు. భూగర్భ రైలుకు మాత్రం భయపడకు. 1896 నాటిది, పదిహేను స్టేషన్లు, ఒకటే గుండ్రటి దారి. తప్పు వైపు ఎక్కినా చేరాల్సిన చోటికే చేరతావు. ఆదివారాలు పెందలాడే ఆపేస్తారని గుర్తుంచుకో.

డబ్బు లేదని గదిలో కూర్చోవద్దు. నీ విశ్వవిద్యాలయం ఉన్న గుట్ట కిందనే కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆదివారమైతే మూడింటికి, పెద్ద హాలులో పైప్ ఆర్గన్ అనే గొట్టాల వాద్యం వాయిస్తారు. ఆ నాదం కింద కూర్చున్న బల్లలోంచి ఒంట్లోకి వస్తుంది. 2022లో అదే భవనంలో, మన దేశానికి చెందిన ఏడు వస్తువులను తిరిగి ఇచ్చేందుకు ఒప్పందం రాసుకున్నారు. వాటిలో ఒకటి 1905లో హైదరాబాదు నిజాం సేకరణ నుంచి దొంగిలించిన కత్తి. ఆ వార్త పేపర్లో చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నేనున్న రోజుల్లో ఆ కత్తి ఆ ఊరి మ్యూజియాల సొత్తుగానే ఉంది. నేను ఆ ఊళ్లోనే పార్టిక్ అనే పేటలో ఉండేవాణ్ని, కెల్విన్‌గ్రోవ్‌కు నడిచి వెళ్లే దూరం. తొలి ఆరు నెలల్లో ఒక్కసారి కూడా గుమ్మం తొక్కలేదు. ఆదివారాలు నిద్రపోయాను, ఉత్తరాలు రాశాను, పౌన్లు లెక్కపెట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1982 డిసెంబరు 31. అక్కడ ఆ రాత్రిని హాగ్మనే అంటారు, వాళ్లకు క్రిస్మస్ కన్నా పెద్ద పండగ. నాది పాత రాతి మేడలో రెండో అంతస్తు. అందరూ ఎక్కిదిగే మెట్లదారిని వాళ్లు క్లోజ్ అంటారు. కింది వాటాలో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. సాయంత్రం తలుపు తట్టింది. చేతిలో కాగితంలో చుట్టిన బొగ్గు ముక్క. "పొడుగ్గా ఉన్నావు, నల్లవాడివి, నాకు కావలసింది నువ్వే. పన్నెండు కొట్టాక ఇది పట్టుకుని మా ఇంటికి రా నాయనా" అంది.

అంతకు రెండు రోజుల ముందే ఒక రోగి, ఆ నల్ల డాక్టరు చెయ్యి నా మీద పడకూడదని వార్డంతా వినేలా అరిచాడు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉంది. బొగ్గునూ నా ఒంటి రంగునూ కలిపి చూసుకున్నాను. ఒక్క మాట మాట్లాడకుండా ఆవిడ ముఖం మీదే తలుపు వేశాను. అర్ధరాత్రి క్లైడ్ నది మీద ఓడలన్నీ ఒక్కసారిగా కూత పెట్టాయి. దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక నర్సు మాటల్లో చెప్పింది. పన్నెండు దాటాక గడపలో మొదట కాలు పెట్టే మనిషిని బట్టి ఆ ఇంటికి ఏడాదంతా శుభమో అశుభమో అని వాళ్ల నమ్మకం. నల్లని జుట్టున్న పొడగరి మగవాడైతే మహా శుభం. పొయ్యి చల్లారకూడదని అతను బొగ్గు తెస్తాడు. ఆవిడ ఇంగ్లీషులో 'డార్క్' అన్నది నా జుట్టు సంగతి! మన ఊళ్లో బయలుదేరేటప్పుడు ఎదురు ఎవరు వచ్చారో చూసుకునే ఇంట్లోనే కదా నేనూ పెరిగాను, ఆ మాట నాకెందుకు తట్టలేదు?

ఆ సాయంత్రమే బిస్కట్ల డబ్బా కొనుక్కుని కిందికి దిగాను. నా వచ్చీరాని మాటల్లో క్షమించమన్నాను. టీ పెట్టింది. ఆ రాత్రి మరి ఎవరు వచ్చారని అడిగాను. "ఎవరూ రాలేదు. ఆ బొగ్గు నేనే పొయ్యిలో వేసుకున్నాను" అంది. కెల్విన్‌గ్రోవ్ ఆర్గన్ నాకు తొలిసారి వినిపించింది ఆవిడే, ఫిబ్రవరిలో. వచ్చే హాగ్మనేకు తప్పకుండా వస్తానని మాట ఇచ్చాను. ఆగస్టులో నాకు ఇంగ్లండులో ఉద్యోగం వచ్చింది.

నిజమైన అవమానాలు కూడా ఉంటాయి, నాన్నా. వాటిని మింగమని నేను చెప్పను. కానీ తలుపు వేసే ముందు, దాని అర్థం ఏమిటని ఒక్కసారి అడుగు.

2018 సెప్టెంబరులో మీ అత్తయ్యతో మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు వాస్తుశిల్పి మాకింటోష్ కట్టిన ఆర్ట్ స్కూలు కాలిపోయి, చుట్టూ కంచె వేసి ఉంది. 2014లో ఒకసారి కాలింది, బాగు చేస్తుండగా ఆ జూన్‌లో మళ్లీ కాలింది. నేనున్న ఏడాదిలో దాని ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో. బరెల్ మ్యూజియం నేను ఊరు వదిలాక 1983లో తెరిచారు. మేము వెళ్లేసరికి మరమ్మతులకు మూసి ఉంది. 2022లో మళ్లీ తెరిచారు. పోలక్ పార్కులో అడవి అంచున ఉంటుంది, దారిలో పొడుగు జుట్టు హైలాండ్ ఆవులు మేస్తుంటాయి. నా బదులు నువ్వు చూసి రా. జనవరిలో సెల్టిక్ కనెక్షన్స్ సంగీతోత్సవం ఉంటుంది, ఒక్క టిక్కెట్టు నా ఖర్చు. జనవరి 25న స్కాట్లండ్ కవి బర్న్స్ పుట్టినరోజు విందుకు ఎవరైనా పిలిస్తే వెళ్లు. అక్కడ వడ్డించే హాగిస్, అంటే గొర్రె గుండె, కాలేయం వంటివాటితో చేసే వంటకం, తినలేకపోతే శాకాహారంతో చేసింది కూడా దొరుకుతుంది. కెల్విన్‌గ్రోవ్ పార్కు పక్కనే హిందూ మందిరం ఉంది, దీపావళికి వెళ్లు. మనవాళ్లతోనే తిరిగి అంతటితో ఊరుకోకు.

2018లో నేనున్న ఆ పాత మేడ దగ్గరకు కూడా వెళ్లాం. క్లోజ్ తలుపుకు ఇప్పుడు తాళం, పక్కన గంట మీటలు, పేర్లు. నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. మీ అత్తయ్య చలిలో నిలబడి ఉందని వచ్చేశాను.

నీ జుట్టు మీ తాతయ్యది, కటిక నలుపు. ఎత్తు కూడా సరిపోతుంది. డిసెంబరు నాటికి మీ మేడలో ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరో కనుక్కో. వాళ్లు రమ్మంటే ఆ రాత్రి పని మానుకో. ఆ కూలి డబ్బు నేను పంపిస్తాను. అత్తయ్య మఫ్లరు అల్లుతోంది, వచ్చే వారానికి అయిపోతుంది. తీసుకోవడానికి నువ్వే రా, అమ్మను పంపకు.

మీ మామయ్య