స్క్రిప్టు దిద్దేవాళ్ళ కంట డేటాబేస్ పాస్‌వర్డ్ పడకుండా

పర్లాకిమిడి బియ్యం కొట్టు సైటు గురించి అడిగారు కదండీ. ఇద్దరు కుర్రాళ్ళు ఒడియా, తెలుగు పేజీలు దిద్దాలి, సైటును నడిపే కోడైన పీహెచ్‌పీలో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం వాళ్ళకు తెలియకూడదు.

ముందే చెప్పేస్తున్నా: పాస్‌వర్డ్ చదివే స్క్రిప్టును దిద్దగలిగినవాడు దాన్ని తెరమీదకూ తేగలడు. ఒక్క ఎకో లైను చాలు. దాన్ని బేస్64లో (ఎవరైనా వెనక్కి తిప్పి చదవగల అక్షరాల్లో) పెట్టడం తాళం వేయడం కాదు, గుడ్డ కప్పడం.

వాళ్ళు మార్చేది మాటలే కాబట్టి ఆ మాటల్ని రెండు జేసన్ ఫైళ్ళలోకి (కోడుగా నడవని, మాటలు మాత్రమే ఉండే ఫైళ్ళు) తీయండి, ఒడియాకొకటి, తెలుగుకొకటి. సర్వర్‌కు ఫైళ్ళు పంపే ఎస్‌ఎఫ్‌టీపీలో ఆ ఫోల్డరు ఒక్కటే వాళ్ళకు కనిపించాలి. భాషా ఫైలును పీహెచ్‌పీ అర్రేగా (కోడులోని జాబితాగా) రాసి ఇన్‌క్లూడ్ చేశారో, కథ మళ్ళీ మొదటికే! అందులో రాసిన కోడూ నడుస్తుంది.

పాస్‌వర్డ్ ఉండే కాన్ఫిగ్ ఫైలు, బ్రౌజరుకు అందే పబ్లిక్ ఫోల్డరుకు బయట ఉండాలి. మీ సర్వర్ ఉబుంటూ అయితే ఓనరు రూట్ (సర్వర్ అడ్మిన్), గ్రూపు వెబ్ సర్వర్ వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, పర్మిషన్ 640, అంటే ఓనరు చదివి రాయగలడు, గ్రూపు చదవగలదు, మిగతావాళ్ళకు ఏదీ లేదు. కుర్రాళ్ళను ఆ గ్రూపులో చేర్చొద్దు. సైటు వాడే మైఎస్‌క్యూఎల్ యూజరుకు ఆ ఒక్క డేటాబేస్‌లోనే సెలెక్ట్ (చదవడం), ఇన్సర్ట్ (చేర్చడం), అప్‌డేట్ ఇవ్వండి. టేబుళ్ళను చెరిపేసే డ్రాప్‌తో దానికి పనిలేదు.

చాలామంది దొరికిపోయేది ఎక్కడంటే, దిద్దేముందు తీసిపెట్టుకున్న నకలు దగ్గర. చివర డాట్ బ్యాక్ (.bak) ఉన్న ఫైలును సర్వర్ సాధారణంగా నడపదు, ఉన్నదున్నట్టు బ్రౌజరుకు పంపేస్తుంది. తప్పుల వివరాలను తెరమీద చూపే డిస్‌ప్లే ఎర్రర్స్ కూడా ఆఫ్ చేయండి. పాత పీహెచ్‌పీలో కనెక్షన్ తప్పితే ఎర్రరులో పాస్‌వర్డే కనిపించవచ్చు.

ఇదంతా అయ్యాక పాస్‌వర్డ్ మార్చండి. పాతది వాళ్ళు ఎప్పుడో చూసే ఉంటారు, కోడు పాత రూపాలన్నీ దాచే గిట్ వాడితే దాని చరిత్రలోనూ ఉంటుంది.